గ్యాస్ మాత్రలు అమ్మిన చేతులు

హైదరాబాద్ అమీర్‌పేటలో సత్యం థియేటర్ వెనక సందులో 1986 నుంచి 2019 దాకా మెడికల్ షాపు నడిపాను. చుట్టూ హాస్టళ్లు, మెస్సులు, కోచింగ్ సెంటర్లు. మైత్రీవనం దగ్గర బోర్డుల మీద కోర్సుల పేర్లు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. రాత్రి తొమ్మిది దాటాక నా కౌంటర్ ముందు వినపడే మాట మాత్రం మారలేదు. "అంకుల్, గ్యాస్ మాత్ర ఒకటివ్వండి." ఇచ్చాను. ఒకటి అడిగినవాడికి ఒకటి, షీటు అడిగినవాడికి షీటు. ఎన్నాళ్ల నుంచి బాధ అని అడిగింది బహుశా నూటికి ఒకరినేమో.

ఇప్పుడు నాకు డెబ్బై ఏళ్లు. నేను డాక్టర్ని కాను, ఫార్మసీ డిప్లొమా చదివినవాణ్ణి. కానీ తెగని అజీర్తితో మనుషులు ఎలా తిప్పలు పడతారో కౌంటర్ ఇవతల నిలబడి చూశాను, ఇంట్లోనూ చూశాను. ఆ పిల్లలకు అప్పుడు చెప్పవలసి ఉండి చెప్పనివి మీకు చెబుతాను. వినండి.

1. పేరు పెట్టగానే రోగం తెలిసినట్టు కాదు.

మన దగ్గర "గ్యాస్" అన్న మాటలో ఇమడని బాధ లేదు. పొట్ట పైభాగంలో నొప్పి వస్తే గ్యాస్. రొమ్ములో మంటకూ అదే పేరు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయినా, తిన్న మూడు గంటలకు కూడా అన్నం అక్కడే కూచున్నట్టు ఉన్నా, పులితేన్పులు వచ్చినా, చివరికి తలనొప్పికి కూడా ఇదే మాట. నిజానికి ఇవి వేరువేరు బాధలు. తిన్నాక భారమా, ఆకలి మీద నొప్పా, మంట గొంతు దాకా ఎగదన్నుతుందా అని మంచి డాక్టరు విడదీసి అడుగుతాడు. నేను అడగలేదు. పేరు వాళ్లే తెచ్చేవాళ్లు, దానికి సరిపడే డబ్బా నేను తీసేవాణ్ణి.

కొందరు ధైర్యం చేసి ఎండోస్కోపీ దాకా వెళ్లేవారు. పుండు లేదు, గడ్డ లేదు. "అంతా నార్మలేనట అంకుల్, టెన్షన్ తగ్గించుకోమన్నారు" అని చిన్నబుచ్చుకున్న ముఖంతో తిరిగొచ్చేవారు. కారణం దొరకని అజీర్తి అంటే ఇదే. గొట్టం లోపలికి పంపి చూసినప్పుడు కనపడలేదంటే ఏమీ లేదని కాదు. జీర్ణాశయం లోపలి పొర కంటికి నున్నగా కనిపిస్తుంది. దానిలోంచి చిటికెడు ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే వాపు కనిపించవచ్చు, ఆ వాపు పక్కనే వంకీలు తిరిగిన బ్యాక్టీరియా కనిపించవచ్చు. ఈ సంగతి నాకు అర్థమయ్యేసరికి జుట్టు నెరిసింది.

2. ఉపశమనం చూసి నయమైందనుకోవద్దు.

షాపు తెరిచిన కొత్తలో జెలూసిల్ సీసాలు, డైజీన్, ఈనో పొట్లాలు అమ్మేవాణ్ణి. తర్వాత రానిటిడిన్ వచ్చింది. తొంభైల్లో ఒమెప్రజోల్ వచ్చాక మిగతావన్నీ వెనక అరలోకి వెళ్లాయి. దాన్ని ఓమెజ్ పేరుతో ఊరూరా చేర్చిన డాక్టర్ రెడ్డీస్ ఆఫీసు అప్పట్లో మా అమీర్‌పేటలోనే ఉండేది. ఆ మాత్రను నేను తప్పుపట్టను. అల్సరుతో మెలికలు తిరిగిపోయినవాళ్లు దానితో కడుపునిండా అన్నం తినడం చూశాను. నాలుగు వారాలకని రాసిన చీటీని నాలుగేళ్లు నడిపించిన తప్పు నాది.

ఆ తప్పు ఇంట్లో కూడా చేశాను. 2003లో మా ఆవిడకు తిన్నాక భారం మొదలైంది. ఏ డాక్టరుకూ చూపించకుండా షాపు అరలోంచే మాత్ర తెచ్చి ఇచ్చాను. హాయిగా ఉందంది. నెల తర్వాత ఆపితే మూడో రోజుకే మంట. మళ్లీ మాత్ర. "చూశావా, ఇది లేకపోతే నీకు కుదరదు" అని నేనే తీర్పు చెప్పాను. అలా పదకొండేళ్లు గడిచాయి. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ఏ జబ్బూ లేని 120 మందిని తీసుకుని, సగం మందికి ఈ కోవ మాత్రలు ఎనిమిది వారాలు ఇచ్చి ఆపేశారు. ఆపాక వాళ్లలో నూటికి 44 మందికి మంట, పులితేన్పుల వంటివి వచ్చాయి. మొదటి నుంచీ మందు లేని ఉత్తుత్తి మాత్రే మింగినవాళ్లలో అలా వచ్చింది నూటికి 15 మందికే. అణిచిపెట్టిన ఆమ్లం మాత్ర ఆగగానే ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మా ఆవిడ మంటలో కొంత ఆమె రోగానిది కాదు, నేనిచ్చిన మాత్ర ఆగినందువల్ల వచ్చింది. పాతబాధ తిరగబెట్టిందని ఇద్దరం నమ్మాం.

3. కంటికి కనపడనిది లేదనుకోవద్దు.

పంజాగుట్ట నుంచి బేగంపేటకు దూరమెంత? అక్కడి ఆసుపత్రిలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ చూశాడు. చెడుగాలి వల్ల జ్వరం వస్తుందని వేల ఏళ్లు నమ్మిన లోకానికి మన ఊళ్లో తెర తొలగింది. ఆ భవనం ముందు నుంచి వందలసార్లు స్కూటర్ మీద వెళ్లాను. అయినా కడుపు విషయంలో చెడుగాలి నాటి నమ్మకమే నన్ను పట్టుకుంది.

జీర్ణాశయంలో అంత ఆమ్లంలో ఏ సూక్ష్మక్రిమీ బతకదని నేను చదువుకున్న రోజుల్లో పాఠం. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979 నుంచి జీర్ణాశయపు ముక్కల మీద వంకర బ్యాక్టీరియాను చూస్తూ వచ్చాడు. బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశాడు. దాన్ని లాబులో పెంచాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా మొలవలేదు. రెండు రోజులు చూసి పారేసేవారు. 1982 ఈస్టర్ సెలవుల్లో పళ్లేలను ఎవరూ తీయలేదు. సెలవులయ్యాక చూస్తే మొలిచి ఉంది. దానికి కావలసింది మరికొన్ని రోజుల ఓపిక, అంతే. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజులకు రాత్రి భోజనమయ్యాక కడుపు బరువెక్కింది, తెల్లవారగానే వాంతులు, నోటి దుర్వాసన. పదో రోజు ఎండోస్కోపీలో ఆయనకు పుండు లేదు, జీర్ణాశయపు పొర వాచి ఉంది. నా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లు చెప్పుకున్న బాధ కూడా ఇలాంటిదే. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు.

హెలికోబాక్టర్ పైలోరీ అని దాని పేరు. డాక్టర్లు హెచ్. పైలోరీ అంటారు. అది యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేసుకుంటుంది. ఆ క్షారంతో తన చుట్టూ ఆమ్లాన్ని చల్లార్చుకుని, జిగురు పొర కింద దూరి, ఏళ్ల తరబడి కాపురముంటుంది.

ఇది తెలుసుకునే అవకాశం నాకు రాక కాదు. తొంభైల చివర్లో ఒక సాయంత్రం హాస్టలు కుర్రాడొకడు చీటీ తెచ్చాడు. రెండు యాంటీబయాటిక్కులు, ఒక ఆమ్లం తగ్గించే మాత్ర. రాసినాయన పంజాగుట్ట చౌరస్తా దగ్గర క్లినిక్కు ఉన్న డాక్టరు. "గ్యాస్‌కు ఇన్ని యాంటీబయాటిక్కులా?" అని కుర్రాడి ముందే అన్నాను. వాడు ఖర్చు లెక్క చూసుకుని, ఒక డైజీన్ షీటు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఆ డాక్టరు సరిగ్గానే రాశాడు. వాడి పేరు కూడా నాకు తెలియదు, ఎలా ఉన్నాడో తెలియదు. ముప్పైమూడేళ్ల వ్యాపారంలో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోగలిగితే ముందు తీసుకునేది అదే.

4. నింద వేసే ముందు ఆగి చూడాలి.

మిర్చి బజ్జీ తింటావు, రాత్రి రెండింటి దాకా మేలుకుంటావు, గంటకో టీ తాగుతావు, ఇంకేమవుతుంది అని పిల్లల్ని మందలించేవాణ్ణి. అవి బాధను పెంచుతాయన్న మాట నిజమే. కానీ ఈ క్రిమి బజ్జీల బండి దగ్గర పట్టుకునేది కాదు. ఎక్కువమందికి పదేళ్లలోపే, సొంత ఇంట్లోనే, తల్లి చేతి నుంచో తోబుట్టువు గ్లాసు నుంచో సోకుతుంది. మన హైదరాబాద్‌లోనే దక్కన్ వైద్య కళాశాల పరిశోధకులు 2007లో అచ్చువేసిన అధ్యయనంలో, కుళాయి నీళ్లు తాగే ఇళ్లకంటే బావినీళ్లు తాగే ఇళ్లలో ఇది ఎక్కువగా కనిపించింది. సూర్యాపేట వైపు మా ఊళ్లో మేమంతా దిగుడుబావి నీళ్లే తాగి పెరిగాం. మా ఆవిడదీ ఆ పక్క ఊరే.

ఇంకొకటి కూడా చెప్పాలి. మన దేశంలో పెద్దవాళ్లలో సగానికి పైగా ఈ క్రిమిని మోస్తున్నవాళ్లే, వాళ్లలో చాలామందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. అందుకని కడుపులో క్రిమి ఉంది కాబట్టి బాధ దానివల్లే అని తేల్చేయడం కూడా తొందరపాటే.

5. మాత్ర మింగి వెళ్తే పరీక్ష నిజం చెప్పదు.

2012లో మా ఆవిడను ఎండోస్కోపీకి తీసుకెళ్లాను. దారిలో మంటతో బాధపడకూడదని పొద్దున్నే ప్యాంటోప్రజోల్ మాత్ర నేనే చేతిలో పెట్టాను. ముక్క తీసి పరీక్షించారు, క్రిమి లేదన్నారు. అమ్మయ్య అనుకున్నాం. మరో రెండేళ్లు బాధ అలాగే సాగింది. 2014లో వేరే డాక్టరు, చిన్నవయసాయన, పాత కాగితాలు తిరగేసి మొదట అడిగింది ఒక్కటే. "అమ్మా, ఆ పరీక్షకు ముందు గ్యాస్ మాత్ర ఎన్నాళ్లు ఆపారు?" ఆమె నా వంక చూసింది.

ఈ మాత్రలు క్రిమిని చంపవు, పలచబరుస్తాయి. ఉండవలసిన చోటు నుంచి పైకి జరిగేలా చేస్తాయి. అప్పుడు పరీక్షకు చిక్కదు. కనీసం రెండు వారాలు ఆ మాత్రలు, నాలుగు వారాలు యాంటీబయాటిక్కులు, బిస్మత్ ఆపి వెళ్లాలి. ఎలా ఆపాలో డాక్టరు చెబుతారు. మధ్యలో మంట వస్తే జెలూసిల్ లాంటిదానితో నెట్టుకురావచ్చు. మా ఆవిడ పదిహేను రోజులు ఓర్చుకుంది. తర్వాత యూరియా కలిపిన ద్రావణం తాగించి, ఊపిరిని సంచిలో పట్టి చూశారు. క్రిమి ఉంటే యూరియా విరుగుతుంది, ఆ గుర్తు ఊపిరిలోకి వస్తుంది. వచ్చింది. మలం పరీక్షతో కూడా తెలుసుకోవచ్చు. రక్తపరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. క్రిమి పోయిన చాలాకాలం దాకా రక్తంలో దాని గుర్తులు మిగిలే ఉంటాయి, ఇప్పుడు ఉందో లేదో అది చెప్పలేదు.

6. సగం మందు రోగికంటే క్రిమికే మేలు చేస్తుంది.

ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి బిస్మత్ ఉన్న కోర్సు వాడుతూ ఆరో రోజు భయపడుతూ వచ్చింది. విరేచనం నల్లగా అవుతోందట, నాలుక కూడా నల్లబడిందట. రక్తం పోతోందేమోనని ఏడుపు మొహం. నేను కూడా బెదిరి, ఆపేయమన్నాను. బిస్మత్ వాడితే నలుపు రావడం మామూలని, మందు అయిపోగానే పోతుందని నాకు తెలిసి ఉండాలి. తెలియకపోతే రాసిన డాక్టరుకు ఫోను చేసి ఉండాలి. మిగిలిన మాత్రలు షాపులో తిరిగి తీసుకుని డబ్బులు కూడా ఇచ్చాను, మంచిపని చేశాననుకుంటూ.

అయిదారు రోజులకు చచ్చేవి బలహీనమైన క్రిములు. మిగిలినవి ఆ మందును ఎరిగినవి. హైదరాబాద్‌తో సహా కొన్ని నగరాల నుంచి సేకరించిన క్రిముల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో, మెట్రోనిడజోల్‌కు లొంగనివి నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్నాయి. విరేచనాలకని ఆ మాత్రను చీటీ లేకుండా రెండు రోజులకు, మూడు రోజులకు తుంచి అమ్మిన వేలమంది షాపువాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ అంకె వెనక నా చెయ్యి కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కోర్సు సాధారణంగా పద్నాలుగు రోజులు. నోరు చేదుగా, ఇనుము నాకినట్టు ఉంటుంది. వికారం ఉంటుంది. మెట్రోనిడజోల్ వాడేటప్పుడు మద్యం ముట్టకూడదు. పెన్సిలిన్ పడనివాళ్లు ముందే చెప్పాలి, అందులో అమాక్సిసిలిన్ ఉండవచ్చు. అయిపోయాక కనీసం నాలుగు వారాలు ఆగి, క్రిమి పోయిందా లేదా అని మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఈ రెండో పరీక్షను ఎక్కువమంది ఎగ్గొడతారు.

7. కడుపు పంపే హెచ్చరికను మాత్రతో కప్పేయొద్దు.

మా అక్క భర్త బల్కంపేటలో ఉండేవాడు. 2008లో ఆయనకు యాభైఆరేళ్లు. సాయంత్రం షాపుకు వచ్చి బల్ల మీద కూచుని, "బావా, ఆ మాత్ర ఇలా ఇవ్వు" అనేవాడు. డబ్బులు తీసుకునేవాణ్ణి కాదు. ఏడాదికి పైగా ఇచ్చాను. ఈలోగా చొక్కా వదులైంది. పొద్దున్నే నడుస్తున్నాను కదా, అందుకే తగ్గానన్నాడు. బాగున్నావు బావా అన్నాను. అన్నం సగానికే వదిలేస్తున్నాడని అక్క చెప్పింది. దానికి కూడా ఒక సిరప్ ఇచ్చాను. చివరికి నిమ్స్ ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది. అయిదు నెలలు బతికాడు.

ముందే పంపి ఉంటే బతికేవాడా? డాక్టర్లు చెప్పలేదు, నేను అడగలేదు. ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పరిశోధన విభాగం 1994లోనే చేర్చింది. క్రిమి ఉన్నవాళ్లలో క్యాన్సర్ వచ్చేది చాలా కొద్దిమందికే. బావకు దానివల్లే వచ్చిందని నేననను. కానీ యాభై దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, కారణం లేకుండా తగ్గే బరువు, మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, తారులాంటి నల్ల విరేచనం, రక్తహీనత... వీటిలో ఒక్కటి ఉన్నా మెడికల్ షాపు దగ్గర ఆగకూడదు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు.

8. క్రిమి పోయినా బాధంతా పోకపోవచ్చు.

మా ఆవిడ పద్నాలుగు రోజుల కోర్సు ఒక్క పూట తప్పకుండా వాడింది. ఆరు వారాల తర్వాత పరీక్షలో క్రిమి లేదు. మర్నాటికే కడుపు తేలికవుతుందని ఆశపడ్డాం. కాలేదు. కోర్సయ్యాక నొప్పి పోవడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. తిన్నాక భారం సగం తగ్గింది, సగం ఉంది.

దీని మీద డాక్టర్లు కూడా చాలాకాలం వాదించుకున్నారు. 1998 డిసెంబరులో ఒకే వైద్య పత్రికలో, ఒకే సంచికలో రెండు అధ్యయనాలు పక్కపక్కనే వచ్చాయి. గ్లాస్గోలో క్రిమికి మందిచ్చినవాళ్లలో నూటికి 21 మందికి ఏడాది తిరిగేసరికి బాధ పోయింది, ఆమ్లం తగ్గించే మాత్ర ఒక్కటే ఇచ్చినవాళ్లలో ఏడుగురికే. పలు దేశాల్లో కలిపి చేసిన రెండో అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత వచ్చినవన్నీ కలిపి చూస్తే, సుమారు పద్నాలుగు మందికి ఈ వైద్యం చేస్తే దానివల్ల అదనంగా ఒకరు పూర్తిగా బాగుపడుతున్నారు. తక్కువే. కానీ కారణం దొరకని అజీర్తిలో శాశ్వతంగా తీసేయగలిగిన కారణం ఇంకేముంది? 2015లో వెలువడిన క్యోటో సమావేశ నివేదికలో నిపుణులు ఒక పద్ధతి చెప్పారు. క్రిమి పోయాక ఆరు నెలల నుంచి ఏడాది దాకా చూడాలి. అప్పటికీ బాధ లేకపోతే అది క్రిమివల్ల వచ్చిన అజీర్తి. ఉంటే వేరే దారి వెతకాలి. ఆ వేరే దారిలో వేరే మందులున్నాయి, తిండి వేళలున్నాయి, మనసు సంగతీ ఉంది. అది ఊహ అనో, నటన అనో ఎవరన్నా నమ్మకండి. పదకొండేళ్లలో నేను మా ఆవిడతో ఆ మాట కూడా ఒకటి రెండుసార్లు అన్నాను.

ఇప్పుడామె రాత్రి ఏడింటికే రెండు పుల్కాలు తింటుంది. ఇంట్లో గ్యాస్ మాత్రల డబ్బా లేదు.

నాయనా, తల్లీ, హాస్టల్ గదిలో మీ దిండు కింద ఒక షీటు ఉంటే, అది ఎన్నో షీటో లెక్కపెట్టుకోండి. నెల దాటి వాడుతుంటే ఈ వారమే డాక్టరు దగ్గరకు వెళ్లండి. "హెచ్. పైలోరీ పరీక్ష నాకు అవసరమా? దానికి ముందు ఏ మాత్రలు ఎన్నాళ్లు ఆపాలి?" అని నోరు తెరిచి అడగండి. అమీర్‌పేట చౌరస్తా నుంచి పంజాగుట్ట నిమ్స్‌కు నడిచి వెళ్లొచ్చు.